కోలుకుంటున్నవాడికి ఉపవాసమా!

నా చిన్నప్పుడు మా చిన్నాన్న మిషన్ ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాడు. ఆయన కోలుకోవాలని మా నాయనమ్మే చర్చి సంఘాన్ని పిలిచి ఉపవాస ప్రార్థన పెట్టించింది. వసారా నిండా మనుషులు. తన కోసం ఇంతమంది కడుపు మాడ్చుకుంటుంటే తానెలా తినేదని చిన్నాన్న కూడా గిన్నె పక్కకు నెట్టేశాడు. ఎంత భక్తి అని అందరూ మెచ్చుకున్నారు. ఆయన చేతులు పుల్లల్లా ఎండిపోయిన సంగతి ఎవరికీ పట్టలేదు.

ప్రార్థన మధ్యలో నాయనమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కంచంలో మెత్తటి అన్నం, చేపల పులుసు పెట్టుకొచ్చి అందరి నడుమా చతికిలబడి తినసాగింది. పాట ఆగిపోయింది. ఉపవాసమంటే మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి ఆమె! "చూస్తారేంటి? నా ఉపవాసం పోయింది. ఇక వీడికి సిగ్గెందుకు?" అంటూ చిన్నాన్న నోటికి ముద్ద అందించింది. పాస్టరుగారు ఏదో అనబోయారు. "మనం పస్తుంటే దేవుడు వింటాడయ్యా. వీడు పస్తుంటే శవపెట్టె చేసే వడ్రంగి వింటాడు" అంది. చిన్నాన్న ఏడుస్తూనే తిన్నాడు. తిని, కోలుకున్నాడు.

ఇన్నేళ్ళకు అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో, మా తమ్ముడి అపార్ట్‌మెంట్‌లో, మళ్ళీ అదే చూస్తున్నాను. చూస్తుంటే రోత పుడుతోంది. వాడికి పాంక్రియాస్‌కి, అంటే క్లోమానికి, క్యాన్సర్. గడ్డతోపాటు క్లోమంలో కొంత తీసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. మిగిలిన ముక్కకు తిన్నది అరిగించే శక్తి చాలదు గనుక, భోజనంతో ఎంజైమ్ క్యాప్సూల్స్ వేసుకుని, కొద్దికొద్దిగా మాటిమాటికీ గుడ్డూ పప్పూ చేపా తినమంది డైటీషియన్. బరువు ఇలాగే పడిపోతే కీమో తట్టుకోలేడని, అది ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని ముఖం మీదే చెప్పింది. బడి చదువు లేకుండా డిక్షనరీ పట్టుకుని ఇంగ్లీషు నేర్చినవాణ్ణి, నాకే అర్థమైంది.

చూడ్డానికి వచ్చిన ఒక ఇంజనీరు, "అంకుల్, షుగర్ క్యాన్సర్‌ని ఫీడ్ చేస్తుందట, వాట్సాప్‌లో వచ్చింది" అన్నాడు. "అది పంపినవాడు రాత్రి భోంచేశాడో లేదో కనుక్కో బాబూ" అన్నాను. వాళ్ళావిడ నూనె వద్దంది. ఇంకెవరో జ్యూస్ చాలన్నారు. ఆఖరికి మా సంఘం వాట్సాప్ గ్రూప్‌లో అందరూ వంతులవారీగా ఉపవాసం మొదలుపెట్టి, ఎవరి వంతో వాళ్ళు వాడికి ఫోన్ చేసి మరీ చెబుతున్నారు. తమ్ముడు స్పూను కింద పెట్టేశాడు. "అన్నయ్యా, వాళ్ళు నా కోసం తినట్లేదు. నాకెలా దిగుతుంది?"

వాడి ఫోన్ లాక్కుని గ్రూప్‌లో గట్టిగానే వాయిస్ మెసేజ్ పెట్టాను. "మీ ఉపవాసం మీ ఇళ్ళల్లో చేసుకోండి. మావాడి చెవిన వేయకండి." పెద్దాయనకు విశ్వాసం సన్నగిల్లిందని నా గురించి చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ. ఎముకల గూడైన మనిషి పస్తుంటే చూసి మురిసిపోయే విశ్వాసం నాకు ఎప్పుడూ లేదు.

తమ్ముడు పొద్దున గుడ్డు తిన్నాడు. సగమే. క్యాప్సూల్ వేసుకున్నాడు. మోకరించే ముందు రోగి తిన్నాడా అని అడగడం నాకు నాయనమ్మ నుంచి అబ్బింది. వాడి ఆయుష్షు దేవుడి చేతిలో ఉంది. జబ్బు తీసుకుపోతే ఏడుస్తాను. ఆకలితో మాత్రం పోనివ్వను.