హద్దుకు నాటిన ఆంజనేయుడు

ఆళ్లగడ్డలో శిల్పి మద్దిలేటికి ఇల్లు అద్దెకిచ్చిన వాళ్లెవరూ రెండో ఏడు ఉండనిచ్చిన పాపాన పోలేదు. పొద్దున లేస్తే ఉలి చప్పుడు, మధ్యాహ్నం కోత మిషను రొద, సాయంత్రానికి పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల మీద తెల్లటి దుమ్ము. దేవుడి బొమ్మలు చేస్తాడని మొదట్లో నెత్తిన పెట్టుకునేవాళ్లు. నాలుగు నెలలు తిరిగేసరికి ఎప్పుడు ఖాళీ చేస్తావని గుమ్మంలో నిలబడేవాళ్లు. జనానికి దేవుడు కావాలి గానీ దేవుణ్ణి చెక్కే చప్పుడు అక్కర్లేదు. ఇల్లిల్లూ మారుతూ సామాను మోసీ మోసీ అతని భార్య నాగలక్ష్మి నడుం విరిగిపోయింది.

అందుకే కోయిలకుంట్ల దగ్గర నాయన ఇచ్చిన శనగ చేను అమ్మేసి, నంద్యాల రోడ్డు పక్కన అర ఎకరం కొన్నాడు. ఇక ముందూ వెనకా ఏమీ లేదు, ఉన్నదంతా ఆ అర ఎకరమే. రిజిస్ట్రేషన్ అయిన రోజే నాగలక్ష్మి ఆ నేల మీద సున్నంతో గీతలు గీసింది.

"ఆగ్నేయంలో వంటిల్లు. ఆ మూల నీ షెడ్డు. ఎంతసేపన్నా కొట్టుకో, అడిగేటోడు లేడు" అంది.

మద్దిలేటి ఆ మూలకు పోయి షెడ్డుకు అడుగులతో కొలుచుకున్నాడు. కానీ అది సేద్యపు భూమి. ఇల్లు కట్టాలంటే ముందు నంద్యాల ఆఫీసులో దాన్ని ఇంటి స్థలంగా మార్చే భూమి మార్పిడి కావాలి, ఆ తర్వాత పంచాయతీ అనుమతి రావాలి. చెప్పులరిగేలా తిరగడం మొదలుపెట్టాడు.

ఈలోపు పక్క పొలం వెంకటేష్‌తో తంటా వచ్చిపడింది. అక్కడంతా నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు పగిలే ఆ నేలలో హద్దురాళ్లు ఒకచోట నిలవవు. నిలిచినా వెంకటేష్ ట్రాక్టరు నిలవనిచ్చేది కాదు. దుక్కి దున్నిన ప్రతిసారీ గట్టు కాస్త ఇవతలికి జరిగేది. అడిగితే, "రేగడి గదన్నా, గట్టు దానంతటదే నడుస్తాది" అని నవ్వేవాడు.

అప్పుడు మద్దిలేటికి ఒక ఉపాయం తట్టింది. అతని పని పాకలో నిలువెత్తు ఆంజనేయుడి విగ్రహం ఒకటి మూలన పడి ఉంది. చెక్కడం ముగింపుకు వచ్చాక ఎడమ భుజంలో సన్నటి చీలిక బయటపడితే, చేయించుకున్నవాళ్లు వద్దని పోయారు. చీలిన విగ్రహం పూజకు పనికిరాదు. పైగా కళ్లు తెరవడం అన్నిటికన్నా చివరి పని, ప్రతిష్ఠ ముందు శిల్పి చేసేది. దీనికి అది జరగనే లేదు. కళ్లు తెరవనంత వరకు శిల్పి లెక్కలో అది వట్టి రాయే. ఆ రాయిని తెచ్చి ఆగ్నేయ మూల గట్టు మీద గట్టిగా నాటాడు. ముఖం వెంకటేష్ చేను వైపు తిప్పాడు. ఇప్పుడు తోలుకో నీ ట్రాక్టరు అనుకుని, తన తెలివికి తానే మురిసిపోయాడు పాపం.

ట్రాక్టరు నిజంగానే ఆగింది. ఆగాక వెంకటేష్ కిందికి దిగి చెప్పులు విడిచాడు. అతని చేను దక్షిణాన ఉంది మరి, దక్షిణం వైపు చూసే ఆంజనేయుడంటే జనానికి గురి ఎక్కువ. శనగ కోతకు వచ్చిన ఆడవాళ్లు సింధూరం పూశారు. మంగళవారాలు టెంకాయలు కొట్టడం మొదలైంది. ఎవరో రేకుల పందిరి వేశారు, ఇంకెవరో గంట కట్టారు. వచ్చేపోయే కాళ్ల కింద నాగలక్ష్మి గీసిన సున్నపు గీతలు చెరిగిపోయాయి. మద్దిలేటి మొదట నవ్వుకున్నాడు, తర్వాత చెప్పి చూశాడు, చివరికి బతిమాలాడు.

"అది చీలిన రాయి ప్పా. హద్దుకని నేనే పెట్టినా."

"నువ్వు పెట్టలేదన్నా. ఆయనే నీతో పెట్టించుకున్న్యాడు" అని వెంకటేష్ చెంపలేసుకున్నాడు.

ఎట్టకేలకు భూమి మార్పిడి అయింది. స్థలం చూడటానికి పంచాయతీ కార్యదర్శి ప్రదీప్ వచ్చాడు. బండి దిగుతూనే అతను బూట్లు విప్పాడు.

"గుడి ఉండే జాగాలో ఇంటికి నేనెట్ల రాసేది? ఊరంతా నా మీద పడతారు."

"గుడి కాదు సార్, హద్దురాయి."

"అయితే తీసెయ్. తీసినాక పిలువు, ఆ దినమే రాసిస్తా."

ఈ సంగతి వెంకటేష్ చెవిన పడింది. "తీసి చూడు. ఈ ఊర్లో నీకు నీళ్లు పుట్టవు" అని కబురు పంపాడు. అటు ఆళ్లగడ్డలో అద్దె ఇంటామె నెలాఖరుకల్లా ఖాళీ చేయమంది. మద్దిలేటికి తిండి సయించలేదు. తన చేతులతో చెక్కిన రాయే తన ఇంటికి అడ్డం పడిందన్న బాధ అతన్ని తినేసింది. ఊరితో పగైనా సరే, తీసేయాల్సిందేనని తేల్చుకున్నాడు.

తెల్లవారుతుండగా గడ్డపార బండికి కట్టుకుని వెళ్లాడు. పందిరి కింద ఎవరో తడిబట్టలతో ప్రదక్షిణాలు చేస్తున్నారు. దగ్గరికి వెళ్లి చూస్తే నాగలక్ష్మి. అక్క ఇంటికని చెప్పి తొలి బస్సుకు బయలుదేరిన మనిషి.

"ఏం చేస్తాండావే ఈడ?"

"మొక్కుకుంటాండా."

"దేనికి?"

"ఇంటికి."

ఆ విగ్రహం భుజం నున్నగా తీస్తున్నప్పుడు నీళ్లు పోసింది ఆమే. చీలికను మొదట చూసింది కూడా ఆమే.

"దానికి కండ్లు గూడా తెరవలేదని నీకు తెల్దా?"

"తెలుసు. కండ్లుండేటోళ్లనంతా అడిగితిమి గదయ్యా" అంది నాగలక్ష్మి. ఆమె చూపు గడ్డపార మీద పడింది. వద్దనలేదు. "ఇంకొన్ని సుట్లు ఉండాయి. అయినాక తీద్దువులే" అని మళ్లీ నడవసాగింది.

అతను ఆమెను ఆపలేకపోయాడు. గడ్డపార కింద పెట్టి, ఒకప్పుడు ఆమె వంటిల్లు గీసిన చోట కూలబడ్డాడు. ఆమె నడుం పట్టుకుని మెల్లగా తిరుగుతోంది. తిరగడం పూర్తయ్యేలోపే ఎండ వచ్చింది, ఎండతోపాటు జనమూ వచ్చారు. ఆ రోజు మంగళవారం. వెంకటేష్ ట్రాక్టరు నిండా కట్టెలు, పెద్ద పెద్ద గిన్నెలు తెచ్చాడు.

"అన్నా, రోంత పక్కకు జరుగు. అన్నదానానికి పొయ్యి ఈడనే పెట్టాల."

మద్దిలేటి లేచి పక్కకు జరిగాడు.