విమలకుమారి కాపలా కాసిన కాగితం

అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు చర్చిలో విమలకుమారి ఆంటీ అంటే అందరికీ హడల్. మంచు కురవనీ, తుఫాను రానీ, ఆవిడ ఇంటికెళ్తే బూట్లు గుమ్మం దగ్గర విప్పి లోపలికి రావాల్సిందే. కార్ల కంపెనీ ఇంజనీరైన భర్త అబ్రహాంకి కూడా మినహాయింపు లేదు. అలాంటి మనిషికి 1987లో, నలభై దాటాక, డెట్రాయిట్‌లో ఓ మ్యూజియంలో కాపలా ఉద్యోగం వచ్చింది. అదే మొదటి ఉద్యోగం. యూనిఫాం వేసుకున్న రోజు ఆవిడ అద్దం ముందు నుంచి కదిలితే ఒట్టు.

చేరిన నెలకే, దేశాలు చుట్టి వస్తున్న చైనా కొత్త చిత్రకారుల ప్రదర్శన అక్కడికొచ్చింది. ఆవిడకు అప్పగించిన గదిలో గోడలకు ఒక్క బొమ్మా లేదు. నేలంతా తెల్ల కాగితం పరిచి, దాని మీద నల్ల సిరాతో పెద్ద పెద్ద చైనా అక్షరాలు రాసి ఉంచారు.

"జనం దీని మీద నడవాలి, నడవనివ్వు," అని చెప్పి సూపర్‌వైజర్ వెళ్ళిపోయాడు.

విమలకుమారికి గుండె ఆగినంత పనైంది. చిన్నప్పుడు బాపట్లలో పుస్తకం కాలికి తగిలితే, కళ్ళకద్దుకునేదాకా వాళ్ళమ్మ ఊరుకునేది కాదు. నడవమన్నారు సరే, బూట్లతోనా? విప్పించమని చెప్పడం ఆయన మరిచిపోయి ఉంటాడని సర్దిచెప్పుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"షూస్ విప్పండి, ప్లీజ్!"

యూనిఫాం చూసి అందరూ కిక్కురుమనకుండా విప్పారు. మధ్యాహ్నానికి గుమ్మం బయట బూట్ల గుట్ట. లోపల కాగితం మాత్రం తళతళలాడుతోంది.

అప్పుడొచ్చింది, ఆ అక్షరాలు రాసిన లిన్ మేయ్. వెనకే మొహం కందగడ్డ చేసుకుని సూపర్‌వైజర్. ఆయన చెప్పడం, ఆ ఊరి మట్టితో, జనం బూట్ల కింద ఆ అక్షరాలు మాసిపోవాలట. అదీ ఆ కళ!

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడాయన. మురిపెంగా తొడుక్కున్న యూనిఫాం నెలకే విప్పాలనేసరికి ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఎందుకు విప్పించారు?" లిన్ మెల్లగా అడిగింది.

"రాసిన కాగితం తొక్కకూడదమ్మా. మా అమ్మ చెప్పింది."

లిన్ మాసిపోని కాగితం వైపు చూసింది. "మా నాయనమ్మా అంతే. వీధిలో రాసిన కాగితం కనిపిస్తే ఏరి తెచ్చుకునేది. తొక్కడానికి ఎవరికైనా మనసొప్పదేమో చూద్దామనే ఇది పరిచాను. వెళ్ళిన ఏ దేశంలోనూ ఒక్కరూ ఆగలేదు." సూపర్‌వైజర్ వైపు తిరిగింది. "ఈవిణ్ణి ఇక్కడే ఉంచండి. రోజూ ఇలాగే అడగనివ్వండి. విప్పనివాళ్ళని మాత్రం ఆపొద్దు."

ప్రదర్శన ఉన్నన్నాళ్ళూ విమలకుమారి అడుగుతూనే ఉంది. కొందరు విప్పారు, చాలామంది విప్పలేదు. కాగితం మట్టిగొట్టుకుపోతుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. "షూస్ కేస్ ఏమైంది ఆఫీసర్ గారూ?" అని ఇంట్లో అబ్రహాం ఏడిపించేవాడు.

ఆఖరి రోజు సూపర్‌వైజర్ వచ్చాడు. అలవాటుకొద్దీ ఆయన్నీ అడిగేసింది. ఆయన అటూ ఇటూ చూసి, మొహమాటపడుతూ బూట్లు విప్పాడు. మేజోడు చిరుగులోంచి బొటనవేలు తొంగిచూసింది. ఆవిడ ఫక్కున నవ్వింది, ఆయనా నవ్వేశాడు. తర్వాత తలొంచుకుని, మిగిలిన అక్షరాల మీద కాలు పడకుండా, మధ్యమధ్యలో అడుగేసుకుంటూ అవతలి గోడదాకా నడిచాడు.