అమరావతి లాంచీలో క్యాబిన్ టికెట్టు

మొన్నొక ఉదయం మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, తనూ తనతో కాలేజీలో పాఠాలు చెప్పే ఇంకో ఇద్దరూ కలిసి చెన్నై నుంచి ఓడలో విహారానికి వెళ్తున్నామనీ, నన్నూ తీసుకెళ్తామనీ, మారుమాట్లాడటానికి వీల్లేదనీ చెప్పి, టికెట్టుతో పాటు ఏమేం వస్తాయో ఏకరువు పెట్టడం మొదలుపెట్టింది. భోజనాలు టికెట్టులోనేనట, కాఫీ మాత్రం ఒకచోట తాగితే ఊరికే, ఇంకోచోట తాగితే డబ్బులట, సాయంత్రం పాటకచ్చేరీ ఊరికేనట, ఒళ్ళు పట్టించుకోవాలంటే విడిగా కట్టాలట, తెలివైనవాళ్ళు ఓడ ఎక్కీ ఎక్కగానే అన్నీ అడిగి తెలుసుకుని ఒక్కటీ వదలకుండా వాడుకుంటారట. అంతా విని, గదికి తలుపుంటుందా అని అడిగాను. అవతల ఒకటే నవ్వు. తలుపేం ఖర్మ అత్తా, సముద్రం వైపు బాల్కనీ కూడా ఉంటుంది అంది. నేనూ నవ్వేశాను గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

తలుపు మాట నా నోట ఎందుకొచ్చిందో ఆ పిల్లకు తెలియదు. డెబ్బైల్లో కాపురానికొచ్చిన మీబోటివాళ్ళకు మాత్రం నేను చెప్పకముందే సగం అర్థమై ఉంటుంది.

నేను కాపురానికొచ్చింది గవర్నర్‌పేటలో ఒక సందులో, నాలుగు వాటాల ఇంట్లో వెనక వాటాకు. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఒక గదిలో అత్తగారూ, పురిటికని వచ్చి పిల్ల బోర్లాపడుతున్నా ఇంకా అత్తవారింటికి బయల్దేరని మా ఆడపడుచూ, ఆవిడ పెద్దపిల్లాడూ ఉండేవాళ్ళు, రెండో గదిలో మేమిద్దరం. రెండు గదులు అంటున్నానే గానీ, నిజానికి ఉన్నది ఒకటే గది, దానికి మధ్యలో గోడ లేపారు, ఆ గోడ కూడా ఇటుకలు చాలకో ఏమో పైకప్పు దాకా వెళ్ళకుండా తలెత్తు దాటగానే ఆగిపోయింది. గోడలకు చెవులుంటాయంటారు గానీ మా గోడకు ఆ అవసరం కూడా లేదు. అవతల పసిపిల్ల తుమ్మితే ఇవతల మేము చిరంజీవ అనేవాళ్ళం, ఇవతల మావారు పక్కకు ఒత్తిగిలితే అవతలి నుంచి దుప్పటి చాలిందా నాయనా అని ప్రశ్న వచ్చేది. పెళ్ళయి ఎనిమిది నెలలు కావస్తున్నా, మావారి గొంతు పూర్తిగా విప్పితే ఎలా ఉంటుందో నాకు తెలియదంటే మీరు నమ్మాలి.

అలాంటి రోజుల్లో, కార్తీకమాసంలో, మా తమ్ముడు మంగళగిరి నుంచి వచ్చి ఒక కబురు చెప్పాడు. మా పుట్టిల్లు మంగళగిరి. నేను చదువుకున్న ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు ఉద్యోగం ఖాళీ అయిందట, నాకు చదువు చెప్పిన హెడ్‌మిస్ట్రెస్‌గారు నన్ను తలుచుకుని, పై సోమవారం లోపల వచ్చి చేరతానంటే నాకే ఇస్తాననీ, లేకపోతే వేరేవాళ్ళను చూసుకుంటాననీ చెప్పి పంపారట. తమ్ముడు నా గదిలో కూర్చుని గుసగుసగానే చెప్పాడు. వాడు వెళ్ళాక నేను బియ్యం ఏరుతున్నానన్న మాటే గానీ మనసంతా నల్లబల్ల మీదే ఉంది. బి.ఎడ్. చదివి, ఆ చదువును ట్రంకుపెట్టెలో పట్టుచీర కింద పెట్టుకుని కాపురానికొచ్చినదాన్ని. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలంటే, రాకపోతే జన్మంతా బియ్యం ఏరుకుంటూ అదే తలుచుకుంటానని ఆ క్షణానే తెలిసిపోయింది.

కానీ ముందు వాటాలో ఉద్యోగానికి వెళ్ళే కోడలొకావిడ ఉండేది, ఆవిణ్ణి చూసి మా అత్తగారు, కోడలి జీతం తినే రాత మనకొద్దమ్మా అనడం నేను నా చెవులారా విన్నాను. అందుకని ముందు మావారి మనసులో ఏముందో తెలుసుకోవాలి. ఆయన సరేనంటే ఇద్దరం కలిసి అత్తగారి దగ్గర నోరు విప్పవచ్చు, ఆయనే వద్దంటే ఆ మాట ఇంట్లో పుట్టకుండానే పోతుంది. అయితే ఎక్కడ అడగడం? ఇంట్లో ఆ గోడ. సినిమాకి వెళ్తే ఆడపడుచూ పిల్లలూ మా మధ్యలో. గుడికి వెళ్తే, అప్పటి మర్యాద ప్రకారం ఆయన ముందు, నేను వెనక, మా ఇద్దరి మధ్యలోంచి రిక్షా వెళ్ళిపోయేటంత ఎడం. చివరికి ఒక ఉదయం కాఫీ గ్లాసు చేతికిస్తూ, మీతో ఒక మాట చెప్పాలి అని మాత్రం అనగలిగాను. ఆయన తలెత్తి చూశారు. అవతలి గదిలోంచి దగ్గు వినపడింది. ఆయన గ్లాసు తీసుకుని బ్యాంకుకు వెళ్ళిపోయారు.

రెండు రోజుల తర్వాత ఆయన ఇంటికొచ్చి, ఆదివారం అమరావతి వెళ్ళే లాంచీలో మా ఇద్దరికీ క్యాబిన్ టికెట్టు దొరికిందని చెప్పారు. బ్యారేజీకి ఎగువన రేవులోంచి కార్తీకమాసంలో దర్శనాలకు లాంచీలు వెళ్ళేవి, మీలో చాలామంది ఎక్కే ఉంటారు. వాటిల్లో ఒక లాంచీకి మాత్రం వెనకవైపు ఒక చిన్న గది ఉండేది. ఆ గదికి తలుపూ, లోపల గడియా, ఒక ఫ్యానూ, పేము కుర్చీలు రెండూ, గదికే చెందిన స్నానాలదొడ్డీ, ఫ్లాస్కునిండా కాఫీ, మధ్యాహ్నం స్టీలు పళ్ళాల్లో వేడివేడి భోజనం. అంత డబ్బు పోసి గది కొన్నానంటే అమ్మ ఊరుకోదని భయపడి, పాపం ఈయన, లాంచీ యజమాని బ్యాంకులో తెలిసినవాడు, అభిమానం కొద్దీ ఊరికే ఇచ్చాడని ఒక అబద్ధమాడారు. జీవితంలో ఆయన ఆడిన తెలివితక్కువ అబద్ధం అదొక్కటే. ఊరికే వస్తే మావాడు ఇంకొకడున్నాడన్న సామెత ఆయనకు గుర్తులేనట్టుంది.

మా అత్తగారి సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడ పిసినారి కాదు, పెట్టే చెయ్యే. కానీ డబ్బిచ్చి కొన్న వస్తువులో చివరి బొట్టుదాకా పిండుకోకపోతే ఆవిడకు నిద్రపట్టదు. హోటల్‌కి వెళ్తే ఇడ్లీ సగంలో ఉండగానే సాంబారు రెండోసారి పోయించుకునేవారు, రైలెక్కితే స్టేషను స్టేషనుకీ మరచెంబు నింపించేవారు, చీరల కొట్టుకు వెళ్తే కొనే ఒక్క చీరకూ కొట్టువాడిచేత గోడ మీది బీరువాలన్నీ దింపించి, పైగా సోడా తెప్పించుకునేవారు. అలాంటావిడకు ఊరికే వచ్చిన గది అంటే మాటలా? ఆదివారం పొద్దున రేవుకు వెళ్ళేసరికి మాతోపాటు అత్తగారూ, ఆడపడుచూ, ఇద్దరు పిల్లలూ, అవనిగడ్డ నుంచి అమ్మవారి దర్శనానికొచ్చిన మా అత్తగారి అక్క పెద్దత్తయ్యా, ఒక పరుపుచుట్టా, పులిహోర గిన్నే ఉన్నాయి. వాళ్ళకు కింది బల్లల మీద కూర్చునే మామూలు టికెట్లు తీసుకున్నారు మావారు. ఆయన మొహం చూసి జాలిపడాలో ఏడవాలో నాకు తెలియలేదు.

లాంచీ కదలకముందే అత్తగారు గదిని స్వాధీనం చేసుకున్నారు. పడక మీద పెద్దత్తయ్య నడుం వాల్చారు. కొక్కేలకు పాతచీర కట్టి పసిపిల్లకు ఉయ్యాల వేశారు. గది చూసుకునే అతన్ని పిలిచి టికెట్టుతో ఏమేం వస్తాయని ఒక్కొక్కటే అడిగి, పిల్ల పాలకు వేణ్ణీళ్ళూ, అదనంగా చాపా, రెండో ఫ్లాస్కూ సాధించారు. అతను చాలా మర్యాదగా, "అమ్మగారండీ, ఈ గదికి భోజనం ఇద్దరికేనండి" అని విన్నవించుకున్నాడు.

"ఇద్దరికే అన్నావు గానీ బాబూ, ఆ ఇద్దరూ ఎంత తినాలో చెప్పలేదుగా!" అన్నారు మా అత్తగారు.

నేను ఆ గడియ వంక చూస్తూ నిలబడ్డాను. ఇత్తడి గడియ, కొత్తగా తోమినట్టు మెరుస్తోంది. సోమవారం రేపే. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే కొంగుతో మొహం తుడుచుకుంటున్నట్టు నటించాను. అంతలో అత్తగారు మా ఇద్దరి వైపూ తిరిగి, "మీరిద్దరూ ఇక్కడెందుకు మాకు అడ్డం? పైకెళ్ళి కూర్చోండి. టికెట్టులో పైకప్పు కూడా ఉందన్నాడుగా" అని, ఆ అదనపు చాపా, ఒక గొడుగూ మా చేతుల్లో పెట్టి బయటికి పంపేశారు. మా డబ్బుతో కొన్న గదిలోంచి మమ్మల్నే వెళ్ళగొట్టిందని నాకు ఎంత ఒళ్ళుమండిందో చెప్పలేను.

ఇనుపనిచ్చెన ఎక్కి పైకి వెళ్ళాం. పైన తాళ్ళచుట్టలూ, పాత టైర్లూ, పొగగొట్టమూ తప్ప మనిషి లేడు. మావారు తాళ్ళు పక్కకు జరిపి చాప పరిచి, గొడుగు తెరిచి, రా కూర్చో అన్నారు. వెనక్కి చూస్తే ఇంద్రకీలాద్రి చిన్నదవుతోంది, ఎడమచేతివైపు ఉండవల్లి కొండా, ఆ తర్వాత అరటితోటలూ, ఇసుకమేటల మీద ఆరేసిన వలలూ, నీళ్ళు నిండుగా, తొందరేమీ లేకుండా. ఇంజను చప్పుడు మాత్రం చెప్పనలవికాదు, పక్కనున్న మనిషికి మన మాట వినపడాలంటే చెవి దగ్గర అరవాల్సిందే. మొదట మామూలుగా చెప్పాను, ఆయన ఆఁ అన్నారు. కాస్త గట్టిగా చెప్పాను, మళ్ళీ ఆఁ అన్నారు. ఇక ఇలా కాదని ఊపిరంతా కూడదీసుకుని, "నాకు ఉద్యోగం వచ్చింది, నేను చేస్తాను!" అని అరిచాను. కట్టుకున్న మొగుడి మీద ఆడది అంత గట్టిగా అరవడం నేనెక్కడా చూడలేదు, అందులోనూ అడగబోయి చెప్పేశాను. ఇసుకమేట మీది కొంగలు లేచిపోయాయి.

ఆయన గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు. నా చెవి దగ్గరకొచ్చి, ఎన్నింటి బస్సుకు వెళ్ళాలి అని అడిగారు. అంతే. బస్టాండు దాకా సైకిల్ మీద దింపుతానన్నారు, సాయంత్రం బ్యారేజీ మీద బస్సు ఆగిపోతే ఏంచేస్తావన్నారు, అమ్మకు నేను చెప్తానన్నారు, చెప్తానన్నాక కాస్త భయపడ్డారు కూడా. ఆ తర్వాత మాటలు ఎలా వచ్చాయో తెలియదు, కట్టలు తెగినట్టు వచ్చాయి. తనకు చిన్నప్పుడు ఈత రాక ఏలూరు కాలవలో మునగబోయిన సంగతీ, నేను పెట్టే దోసకాయపప్పులో ఉప్పు ఎప్పుడూ తక్కువేనన్న సంగతీ నాకు ఆ రోజే తెలిశాయి. ఎనిమిది నెలలు చప్పిడిపప్పు నోరెత్తకుండా తిన్న మనిషి! మధ్యమధ్య కింద నిచ్చెన మెట్టు మీద గ్లాసుతో టకటకా కొట్టిన చప్పుడయ్యేది, వంగి చూస్తే అత్తగారు కాఫీనో భోజనం పళ్ళెమో పైకి అందిస్తూ ఉండేవారు. తన పేము కుర్చీ సరిగ్గా ఆ నిచ్చెన కిందే వేసుకున్నారు. ఆడపడుచు కొడుకు పైకి వస్తానని మారాం చేస్తే, రేకు కాలుతోంది, కాళ్ళు బొబ్బలెక్కుతాయని పట్టుకు కూర్చోబెట్టారు.

అమరేశ్వరుడి దర్శనం చేసుకుని తిరిగి వస్తుండగా, మావారు గొంతు సవరించుకుని, అమ్మా ఒక విషయం అన్నారు. అత్తగారు ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగి, "ఎన్నింటి బస్సు అమ్మాయ్? పొద్దున్నే అన్నం వండేస్తాలే, క్యారేజీలోకి పెరుగన్నం చాలా?" అన్నారు. తమ్ముడి గుసగుస ఆ గోడ మీదుగా అవతలికి వెళ్ళకుండా ఉంటుందని ఎలా అనుకున్నానో! ముందు వాటా కోడలి గురించి ఆవేళ అలా అన్నారు కదండీ అని నసిగాను. "దాని మొగుడు పనీపాటా లేకుండా అరుగు మీద పేకాడుతుంటే అలా అనక ఏమనను?" అన్నారు.

గదిలోంచి మమ్మల్ని ఎందుకు వెళ్ళగొట్టారన్నది మాత్రం నాకు చాలా ఏళ్ళదాకా తెలియలేదు. మేము సొంతిల్లు కట్టుకుంటున్నప్పుడు, అత్తగారు రోజూ వెళ్ళి, గోడ పైకప్పుకు ఆనిందా లేదా అని మేస్త్రీ ప్రాణం తీసేవారు. ఒకరోజు అక్కడ ఇసుక మీద కూర్చుని ఉన్నప్పుడు నవ్వుతూ ఆ మాట అడిగాను.

"ఊరికే గది ఎవడిస్తాడే పిచ్చిదానా, వాడు కొన్నాడని అప్పుడే తెలుసు" అన్నారు. "కానీ పట్టపగలు మేమందరం బయట కూర్చునుంటే, మీరిద్దరూ తలుపేసుకుంటారా? నువ్వు సిగ్గుతో చచ్చి ఊరుకుందువు. పెద్దక్క ఊరంతా చాటును. అందుకని మేమే లోపలికి పోయాం."

ఆవిడ చేతిమీద చెయ్యి వేశాను, ఆవిడ విదిలించుకుని, అదుగో ఆ మూల ఇటుక వంకరగా పెడుతున్నాడు చూడు అని లేచారు. నా బతుకులో నన్ను అంతగా కనిపెట్టి చూసినవాళ్ళు మరొకరు లేరు.

ఇరవైయెనిమిదేళ్ళు ఆ బడిలో లెక్కలు చెప్పాను. అత్తగారు ఆ ఇంట్లోనే, పైకప్పు దాకా ఉన్న గోడల మధ్య, కన్నుమూశారు. మావారు పోయి కూడా ఆరేళ్ళయింది. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా మనిషికో గది, గదికో తలుపు. పిల్లల్ని తప్పుపట్టను, మేము కోరుకున్నదే వాళ్ళకు దొరికింది. తలుపు వేసుకున్నాక చెప్పుకోవడానికి అన్ని మాటలు వాళ్ళ దగ్గర ఉన్నాయో లేదో నాకు తెలియదు, ఉండాలనే కోరుకుంటాను.

మేనకోడలికి వస్తానని చెప్పాను. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి, నాకు ఇబ్బంది లేకుండా ఉండటానికి నా ఒక్కదానికే గది తీసుకున్నానంది. పెద్ద పడకట, మెత్తటి కుర్చీలట, లోపల గడియట, తలుపు తీస్తే సముద్రమట. అన్నీ టికెట్టులోనే వస్తాయి అత్తా, ఒక్కటీ వదలొద్దు అంది. అలాగేనన్నాను. అన్నీ వస్తాయి గానీ, ఆ గదిలోంచి నన్ను పైకి తరమడానికి మా అత్తగారూ, పైన చాప పరిచి రా కూర్చో అనడానికి మావారూ మాత్రం రారు.