గేటు ముందు దర్జీ షాపు

జగ్గయ్యపేటలో నేను పని నేర్చుకున్న షాపులో ఒకప్పుడు ఆరు మిషన్లు ఆడేవి. తొంభైల మొదట్లో నేను చేరినప్పుడు పెళ్లిళ్ల రోజుల్లో తల ఎత్తడానికి తీరికుండేది కాదు. పదేళ్లు తిరిగేసరికి ఊరినిండా రెడీమేడ్ షాపులు వచ్చాయి. ఆరింటిలో నాలుగు మిషన్ల మీద దుప్పట్లు కప్పేశారు. నేను నందిగామ వచ్చి సొంతంగా ఒక మిషన్ వేసుకున్నాను. జిప్పులు మార్చడం, కొన్న ప్యాంట్లకి అడుగు మడిచి కుట్టడం తప్ప కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టే పని రాలేదు.

అప్పుడే మా చర్చికి వచ్చే ఒకాయన బహ్రెయిన్‌లో దర్జీ కావాలంటున్నారని చెప్పాడు. అది దీవి అని కూడా నాకు తెలియదు. మా ఆవిడకి అప్పుడు మూడో నెల. "వెళ్లిరండి, ఇక్కడుండి చేసేదేముంది" అంది. ఆ మాట అన్నాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

దీవి అంటే ఎటు చూసినా సముద్రమే కనపడుతుందనుకున్నాను. నాకు కనపడింది ఒక గేటు. అమెరికా సైనిక స్థావరం గేటు. దాని చుట్టూ కాంక్రీటు దిమ్మెలు, ముళ్లకంచె. సముద్రం, ఓడలు, అన్నీ దాని అవతలే. మాకు ఇవతలికి వచ్చింది ఉప్పుగాలి ఒక్కటే. దానికి కత్తెరలు తుప్పు పట్టేవి. రోజూ పొద్దున్నే మిషన్ నూనెతో వాటిని తుడవడంతో మా పని మొదలయ్యేది.

షాపు గేటుకి ఎదురు వీధిలో ఉండేది. యజమాని అక్కడి అరబ్బు. వారానికోసారి వచ్చి చూసుకుని వెళ్లేవాడు. మిగతా అంతా కటింగ్ మాస్టరే. ఆయన మలయాళీ, అరవై దగ్గర పడ్డ మనిషి, ఆ వీధిలోనే పద్నాలుగేళ్లుగా ఉన్నాడు. నాకు వచ్చిన కొద్దిపాటి హిందీలోనే మేమిద్దరం మాట్లాడుకునేవాళ్లం. సైనికుల చొక్కాల మీద పేర్ల పట్టీలు కుట్టడం, ప్యాంట్లు బిగించడం, వదులు చేయడం మా పని. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ ఎన్ని వందల పేర్లు కుట్టానో. వాటిలో ఒక్కటీ ఇక్కడ రాయను.

ఆ చలికాలంలో సైనికుల్లోనే ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై, ఇరవైరెండేళ్లుంటాయి. బుగ్గల నిండా గోధుమరంగు మచ్చలు. ఓడ మీద వేసుకునే నీలం ప్యాంటు ఇచ్చి, నడుము ఒక అంగుళం వదులు చేయమంది. చేసి ఇచ్చాను. మూడు వారాలకి అదే ప్యాంటు పట్టుకొచ్చి ఇంకో అంగుళం అంది. వెనక కుట్టు లోపల మిగిలిన గుడ్డంతా విప్పేశాను.

ఆ శుక్రవారం మా ఆవిడకి ఫోన్ చేశాను. ఆమె చందర్లపాడులో పుట్టింట్లో ఉండేది. పక్కింటి ఫోన్‌కి చేస్తే పిలిచేవాళ్లు.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"జాకెట్లు ఊడదీసి కుట్టుకుంటున్నా. కుట్టేవాడు దేశం దాటిపోయాడు గదండీ" అంది.

నవ్వాను. ఫోన్ పెట్టి గదికి నడుస్తుంటే ఆ నీలం ప్యాంటు గుర్తొచ్చింది. అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

మూడోసారి ఆమె వచ్చేసరికి మాస్టర్ భోజనానికి వెళ్లి ఉన్నాడు. ప్యాంటు తిరగేసి, లోపల ఇంక గుడ్డ లేదని చూపించాను. ఆమె కాసేపు దానివంక చూసి స్టూలు మీద కూర్చుంది. ఒక చెయ్యి వెనక్కి పెట్టి మెల్లగా కూర్చోవడం చూస్తే ఇంక అడగాల్సిందేమీ లేదు. "బేబీ?" అన్నాను. అంతకన్నా ఇంగ్లీషు నాకు రాలేదు. ఆమె తలుపువైపు చూసి, వేలు పెదాల మీద పెట్టుకుంది. తర్వాత ఒక్కొక్క మాటా విడదీసి, చేతులతో చూపిస్తూ చెప్పింది. ఓడవాళ్లకి తెలిస్తే దించేస్తారట. ఇంటికి పంపేస్తారట. ఇంటికి వెళ్లనంటూ తల అడ్డంగా ఊపింది. ఎందుకో చెప్పిందేమో, నాకు అర్థం కాలేదు.

నా పర్సులోంచి మా ఆవిడ ఫోటో తీసి చూపించాను. ఆరో నెల అని వేళ్లు చూపించాను. ఆమె నవ్వి అయిదు చూపించింది.

ఎవరూ తీసుకెళ్లని పాత ప్యాంట్లు షాపులో ఒక మూట ఉండేవి. వాటిలో అదే రంగుది వెతికి, ఒక ముక్క కత్తిరించి, నడుము రెండు పక్కలా లోపల ఎలాస్టిక్ పెట్టి కలిపాను. పైన చొక్కా పడితే కనపడదు. నా మటుకు నాకు అది మంచి పని అనిపించింది. జగ్గయ్యపేట వదిలాక అంత శ్రద్ధగా ఏదీ కుట్టలేదు.

మాస్టర్ వచ్చి చూశాడు. ఆయన కంటికి ఏదీ దాగదు.

"మనకెందుకిది? ఆ షాపుకి పోవద్దని గేటు లోపల ఒక్క కాగితం అంటిస్తే మనం మూసుకుని పోవాలి" అన్నాడు.

"పాపం, చిన్న పిల్ల."

"ఇక్కడికొచ్చే వాళ్లంతా చిన్నపిల్లలే."

అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ రెండో ప్యాంటు కూడా అలాగే చేయమని ఆమె ఇచ్చి వెళ్తే, చీటీ రాసింది మాస్టరే.

ఆ ప్యాంటు పూర్తయ్యేలోపే ఇరాక్ మీద యుద్ధం అన్నారు. సైనికులని గేటు దాటి బయటకి రానివ్వడం ఆపేశారు. వీధిలో మనిషి లేడు. మంగలి షాపు, జ్యూస్ షాపు, మేము, అందరం గుమ్మాల్లో కూర్చుని గేటువైపు చూసేవాళ్లం. మీద విమానాలు పోతుంటే మిషన్ మీది సూదుల డబ్బా గలగలమనేది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఏడ్చింది. నందిగామలో టీవీలో రాకెట్లు చూసిందట.

"వచ్చెయ్ నాన్నా. అక్కడ ఉండొద్దు."

"అది ఇక్కడ కాదమ్మా, పక్క దేశంలో."

"పక్కదో ఎదురుదో నాకేం తెలుసురా."

పాస్‌పోర్టు యజమాని దగ్గరుందని మాత్రం చెప్పలేదు.

కొన్ని వారాలకి గేటు తెరిచారు. నీలం ప్యాంటు కోసం చీటీ పట్టుకుని వేరే కుర్రాడు వచ్చాడు. అతనూ సైనికుడే. ఆమె రాలేదేమని సైగ చేశాను. అతనూ సైగలు కలిపి చెప్పాడు. డ్యూటీలో పడిపోయిందట. డాక్టర్లు చూసి విమానంలో ఇంటికి పంపేశారట. "బేబీ బాగుందా?" అన్నట్టు అడిగాను. అతను ఆ ప్యాంటు మడత విప్పి, నడుము పక్కన కలిపిన ముక్కని వేలితో తడిమి, నావైపు చూశాడు. తెలియదన్నట్టు భుజాలెగరేసి, దాన్ని మళ్లీ మడత పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పది రోజులకి మాకు పాప పుట్టింది. ఫోన్‌లో చెప్పారు. మాస్టర్ హల్వా తెప్పించాడు. ఆ పూట కూడా నేను పేర్ల పట్టీలు కుట్టాను, ఎందుకంటే యుద్ధం మొదలయ్యాక మాకు పని విపరీతంగా పెరిగింది. కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. భుజాలు పట్టేసేవి. మొదట్లో ముఖాలు చూసేవాణ్ణి. పోనుపోను చొక్కాలు మాత్రమే చూశాను. ఇంకో రెండేళ్లు అలాగే గడిచాయి. కాంట్రాక్టు అయిపోయాక, ఇంకో ఏడాది ఉండమని యజమాని అడిగితే ఓపిక లేదన్నాను. అది నిజమే.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం వసారాలో మా ఆవిడ ఎండు మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. పాప లోపల నిద్రపోతోంది. నేనూ పక్కన కూర్చున్నాను. అక్కడి కబుర్లు ఏమైనా చెప్పమంటే ఆ అమ్మాయి సంగతి చెప్పాను. అంతా విని, చేతిలో పని ఆపకుండానే అడిగింది:

"ఆమెకి తోడెవరున్నారంట?"

"తెలీదు."

"అడగలేదా?"

"అడిగేంత ఇంగ్లీషు నాకెక్కడిది?"

"నాతో తెలుగే గదండీ. నన్ను మాత్రం అడిగారా?"

కోపంగా అనలేదు. ఇన్నాళ్లూ చెప్పడానికి తీరిక దొరకనట్టు అంది. ఫోన్‌లో తల్లీబిడ్డా క్షేమం అన్నారు, నేను సరే అన్నాను. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు.

"ఇప్పుడు చెప్పు" అన్నాను.

చెప్పింది. తెల్లారకముందే నొప్పులొస్తే ఊళ్లో ఆటో దొరకలేదట. పత్తి వేసుకెళ్లే ట్రాక్టర్‌లో పరుపు పరిచి నందిగామ తెచ్చారట. బిడ్డ అడ్డం తిరిగిందని, ఆపరేషన్ చేయాలని అన్నారట. సంతకం పెట్టడానికి మొగుడేడని అడిగితే, వాళ్ల అమ్మ వేలిముద్ర వేసిందట. మత్తు ఇచ్చేముందు విమానం చప్పుడు వినపడినట్టయిందట. అది ఫ్యానేనట.

నేను మిరపకాయల్లో సగం నావైపు లాక్కుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.