సరోజప్ప తప్పుతాళం

నా కూతురి వేళ్ల నుంచి ఇనుము వాసన వస్తోంది. సబ్బు పెట్టి రెండుసార్లు కడిగినా పోలేదు. సాయంత్రం మా సరోజప్ప ఇంట్లో గిటార్ తీగల మీద ఆడుకుని వచ్చింది, నాలుగేళ్ల పిల్ల. ఇప్పుడు ఆ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని నిద్రపోతోంది. పక్కన కూర్చుని ఇది రాస్తున్న నాకు ఆ వాసన కొత్త కాదు. చిన్నప్పుడు ఇత్తడి తాళాలు పట్టుకుని పట్టుకుని నా అరచేతులు అచ్చం ఇలాగే ఉండేవి. నా బిడ్డ చేతులకి ఆ వాసన నా నుంచి రాలేదే అన్నదే నా బాధ.

సరోజప్ప మా పెద్దమ్మ కూతురు, నాకంటే ఏడాది పెద్ద. మా వైపు అక్కని అప్ప అంటాం. యాంగోన్‌లో, అదే పాత రంగూన్‌లో, రెగ్గే పాటలు వినేవాళ్లకి ఆమెను పరిచయం చేయక్కర్లేదు. టీ దుకాణంలో కుర్రాళ్లు లేచి 'మ సరో', అంటే సరో అక్కా, అని పలకరించి కుర్చీ జరుపుతారు. కాలేజీ చదువు చదివిన నన్ను, పక్కనే పిల్లని ఎత్తుకుని నిలబడ్డ నన్ను, తన చెల్లెలినని ఆమె చెప్పాకే చూస్తారు.

మేమిద్దరం పెరిగింది మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో, రైలు కూత వినపడే సందులో. శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చి బోటాటౌంగ్ రేవులో మూటలు మోసినవాళ్ల మునిమనవరాళ్లం. వానాకాలం వచ్చిందంటే గోడలకి పచ్చగా నాచు పట్టేది, ఆరని బట్టల వాసన, అమ్మమ్మ వేయించే ఎండుచేపల వాసన, కింద వీధిలో మొహింగా సేమ్యా బండివాడి చేపల పులుసు వాసన అన్నీ కలిసిపోయి మెట్ల మీదే ఉండిపోయేవి. మేము ఆ మెట్ల మీద గచ్చకాయలు ఆడుతూ, వచ్చేపోయేవాళ్లకి దారివ్వక తిట్లు తినేవాళ్లం. ఎండాకాలంలో శ్రీరామనవమి, దాని వెనకే బర్మావాళ్ల నీళ్ల పండగ. తాటిబెల్లంతో చేసిన మా పానకం, వడపప్పు పక్కింటి బర్మావాళ్లకి వెళ్లేవి, వాళ్ల బెల్లం కూరిన బియ్యప్పిండి ఉండలు మాకు వచ్చేవి. ఒక ఉండలో బెల్లానికి బదులు పచ్చిమిరపకాయ పెట్టడం వాళ్ల సరదా, అది ఎప్పుడూ నా నోటికే తగిలేది.

శనివారాలు మా సందులోని గదిలో భజన. అమ్మమ్మ మా ఇద్దరికీ చెరో జత తాళాలు ఇచ్చి ముందువరసలో కూర్చోబెట్టేది. రేవులో పని మానేసిన సన్నాసి తాత మద్దెల వాయించేవాడు. నా తాళం మద్దెల దెబ్బతో కలిసి పడేది, వెంట్రుకంత తేడా ఉండేది కాదు. సరోజప్పది మాత్రం దెబ్బకీ దెబ్బకీ మధ్య పడేది, అందరూ ఊపిరి పీల్చుకునే చోట 'టింగ్' మని.

"ఏటే సరోజా, నీ సెయ్యేటి నిద్దరోతందా? అందరం ఎల్లిపోనాక ఒస్తన్నావు!" అనేవాడు తాత మద్దెల ఆపి.

"నిద్దరోతే మోగదు కదా తాతా," అనేది ఇది, ఏ మాత్రం సిగ్గు లేకుండా.

భజనంతా నవ్వేది. చివర్లో మొదటి ప్రసాదం నాకు పెట్టేవారు. పొంగలి ఆకు మీద వేడిగా, నేతి వాసనతో, మొదటి ముద్ద. ఆ రోజుల్లో నాకు ఎవరి మీదా అసూయ లేదు. అవసరం ఏముంది?

మా కింద వాటాలో కో టున్ అనే ఆయన ఓడల్లో పనిచేసేవాడు. నెలల తరబడి సముద్రం మీద ఉండి, వచ్చినప్పుడల్లా చాక్లెట్లు, క్యాసెట్లు తెచ్చేవాడు. ఒక మధ్యాహ్నం వాన జోరుగా కురుస్తుంటే, మేమిద్దరం అరుగు మీద గిన్నెలు తోముతుంటే, ఆయన గదిలోంచి ఎన్నడూ వినని పాట వచ్చింది. డ్రమ్ము ఒక చోట పడుతోంది, గిటార్ దాని తర్వాతి ఖాళీలో, పొట్టిగా, తెంపినట్టు, చక్ చక్ మంటోంది. సరోజప్ప చేతిలోని గిన్నె జారింది.

"ఒలే, ఆడు నాలాగే కొడతన్నాడే!" అంది.

అది రెగ్గే అని, జమైకా అనే దీవిలో పుట్టిందని కో టున్ చెప్పాడు. మళ్లీ ఓడెక్కేటప్పుడు తన పాత గిటార్‌ని సరోజప్పకిచ్చి వెళ్లాడు. పక్కనే ఉన్నాను నేను. నాకెందుకివ్వలేదని ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ, "నీకు సదువుంది కదే," అంది. పెద్దమ్మ మాత్రం, "దానికి సదువెలాగూ అబ్బనేదు, ఇదేనా అబ్బనీ," అని ఊరుకుంది.

అబ్బింది. పదహారేళ్లకి నీళ్ల పండగ వేదిక మీద నిలబడింది. తడిసి ముద్దయిన జనం దాని చక్ చక్‌కి మోకాళ్లు వంచి ఊగుతుంటే నేను పరీక్ష పుస్తకాలు గుండెకి హత్తుకుని తడవకుండా గోడవారన నిలబడ్డాను. తర్వాత హోటళ్లు, నది ఒడ్డు రెస్టారెంట్లు, సొంత బ్యాండు, బ్యాంకాక్‌లో రెండేళ్లు. ఇప్పుడు కరెంటున్న వేళల్లో ఇంట్లోనే రికార్డింగు. కళ్లు మూసుకుని వాయిస్తుంది. దాని ముఖంలో ఆదుర్దా అన్నది నేనెప్పుడూ చూడలేదు. నేను పిల్ల దగ్గితే లేస్తాను, దగ్గకపోయినా లేస్తాను. ఈమధ్య ఎవరో ఫోన్లో వీడియో తీస్తూ ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "భజనలో తిట్లు తిని," అని నవ్వింది. పక్కన సరిగ్గా కొట్టిన నా ఊసే లేదు.

"గుంటని ఆదివారాలు నాకాడికి అంపీయే, నేర్పుతాను," అని సరోజప్ప మూడు వారాలుగా అడుగుతోంది. జలుబని ఒకసారి, బస్సులు లేవని ఒకసారి తప్పించాను. ఇవాళ ఇక తప్పించలేక కాసేపు వదిలాను. సాయంత్రం పిల్లని వెనక్కి తెచ్చాక పెట్టె అడుగునుంచి తాళాలు తీసి దాని చేతిలో పెట్టాను. నా బిడ్డకి నా చెయ్యే వచ్చుంటుందని నాకు గట్టి నమ్మకం. నేను పాత భజన ఎత్తుకుని తొడ మీద తాళం వేశాను. పిల్ల నా దెబ్బల మధ్య ఖాళీలో కొట్టింది. మణికట్టు పట్టుకుని సరిచేశాను. వదలగానే మళ్లీ ఖాళీలోనే.

"ఇలా కాదు నాన్నా, అమ్మతో పాటు."

"నువ్ కొట్టినాక కాళీ ఉంది కదమ్మా," అంది విసుగ్గా. "అది నాది."

భజన గది ఇప్పుడు ఎవరిదో గోదాము. సన్నాసి తాత లేడు, అమ్మమ్మ లేదు, కో టున్ ఏ ఓడలో ఉన్నాడో తెలియదు. తడిసిన మెట్ల మీద గచ్చకాయలాడే పిల్లలు లేరు. మద్దెలతో కలిపి వెంట్రుకంత తేడా లేకుండా కొట్టడం ఈ ఊళ్లో ఇప్పుడు ఎవరికి కావాలో నాకు తెలియదు. ఆదివారం పిల్లని తీసుకెళ్తాను. వదిలి రాను, పక్కనే కూర్చుంటాను. నా తాళాలు సంచిలో పెట్టుకున్నాను. సరోజప్పకి ఇవ్వడానికి కాదు, పిల్ల ఖాళీ వెతుక్కునే దెబ్బ నేనే కొట్టడానికి.