సుగుణ కొన్న నీలం చొక్కా

మహాబలిపురంలో వారం రోజులుండి బొమ్మలు వేయడం నేర్చుకునే కోర్సుకి మా పిన్ని కూతురు సుగుణా, నేనూ అర్జీ పెట్టాం. సీటు దానికే వచ్చింది. రంగులు పడినా పర్వాలేని చొక్కా కావాలని ఈ రోజు నన్నే పాతబట్టల అంగడికి లాక్కెళ్లింది.

కుప్పలోంచి ఒక నీలం చొక్కా లాగింది. చూస్తే జేబు మీద నేను వేసిన ఎర్రదారం కుట్టు! పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమెకు పోయిన నెలే ఈ చొక్కా వేసి, గిన్నె తీసుకున్నాను.

"అక్కా, ఈడ చూడు, నాకు బాగుండాదా?"

"నీకేమే, ఏదైనా బాగుంటాది," అన్నాను.

నాకంటే దానికే నప్పింది, అదింకో మంట.

ఇప్పుడు ఆ గిన్నెలోనే పెరుగు తోడేస్తున్నాను. నా చొక్కాకి కూడా సీటొచ్చింది. చెప్పండి, మీరైతే ఏడవరా?