హోమం పొగకు దారి

పోయిన మంగళవారం పొద్దున నేను జపంలో ఉండగా తమ్ముడు రాజమండ్రి ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, వెళ్ళిపోయింది" అన్నాడు. ఎవరని అడగలేదు. నెల రోజులుగా వాడి భార్య, మా మరదలు, అక్కడే ఉంది. దేవుడికి దణ్ణం పెట్టుకుని లేచాను. నలభై రెండేళ్ళ మనిషి. వచ్చినవాళ్ళంతా "పుణ్యస్త్రీగా వెళ్ళిందండి" అన్నారు. ఆ భాగ్యం నాకు ముప్పై ఏళ్ళ క్రితమే పోయింది. ఆ మాట విన్నప్పుడూ లోపల చిన్న ముల్లు కదిలింది. ఆమెను చూసి అసూయపడటం నాకు పాత అలవాటు.

భర్త పోయి నేను పుట్టింటికి వచ్చిన ఏడాదే అమ్మ పోయింది. తమ్ముణ్ణి నేనే పెంచాను. చొక్కా కొనాలన్నా, చేను కౌలుకివ్వాలన్నా "అక్క ఏమంటుందో" అనేవాడు. మరదలు వచ్చిన ఏడాదికి అది "తనేమంటుందో" అయింది. ఆమె ఇంజనీరింగ్ చదివింది. ఏ భవనానికి ఎంత ఏసీ కావాలో, గాలి ఎటు వచ్చి ఎటు పోవాలో కంప్యూటర్‌లో లెక్క కట్టడం ఆమె పని.

మొదట మా ఇంటిమీదే సాధన చేసింది. టేపు పట్టుకుని కిటికీలన్నీ కొలిచింది.

"వదినగారూ, పూజగదిలో దీపాలెన్నండి? మీరెంతసేపు కూర్చుంటారండి?"

"దేవుడి దగ్గరా లెక్కలేనా?"

"దీపం వేడి దీపానిదే కదండీ."

తెరమీద మా ఇల్లు రంగురంగుల ముక్కలుగా వచ్చింది. ఒక్కో ముక్కనూ జోన్ అనేది. ఎండ పడే గది వేరు, వంట చేసే గది వేరు, అన్నిటికీ ఒకే లెక్క కుదరదనేది. చలికాలంలో గది వెచ్చబరచడానికి ఎంత కావాలని కూడా ఆ కంప్యూటర్ అడిగేదట. అక్కడ సున్నా వేస్తూ, "మన గోదావరి జిల్లాకి హీటర్లెందుకండీ, వదినగారి మాటలున్నాయిగా" అంది. తమ్ముడు పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ పూట ఉపవాసమని చెప్పి అన్నం మానేశాను.

కొన్నాళ్ళకు ఊరి చివర కడుతున్న కల్యాణ మండపం పని ఆమెకు వచ్చింది. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. బాగుంటే ఇంకొకటి వస్తుంది, లేకపోతే ఇదే ఆఖరు. ప్లాను గీయడం పూర్తయ్యాక తెచ్చి నా ముందు పరిచింది.

"ఏమైనా మరిచిపోయానా వదినగారూ?"

చూశాను. పెళ్ళి హాలుకీ భోజనాల హాలుకీ కలిపి ఒకటే యంత్రం. లోపలి గాలిని లాక్కునే జాలీ సరిగ్గా పెళ్ళి వేదిక పైన ఉంది. అక్కడ లాక్కున్న గాలే చల్లబడి రెండు హాళ్ళలోకీ వస్తుంది. నేను పెళ్ళిళ్ళలో వేదిక దగ్గరకు వెళ్ళను, వెనక వరసలో కూర్చుంటాను. అక్కణ్ణుంచి కనిపించేది పొగ ఒక్కటే. అది ఎటు తిరుగుతుందో ఏళ్ళ తరబడి చూసినదాన్ని. ఆమె లెక్కలో మనుషులున్నారు, దీపాలున్నాయి, హోమం లేదు.

"నాకేం తెలుసమ్మా, చదువుకున్నదానివి" అన్నాను.

మొదటి పెళ్ళి వేసవి మధ్యాహ్నం. పేలాలు వేసి నెయ్యి పోయగానే లేచిన పొగను జాలీ లాక్కుంది. కాసేపటికి అది భోజనాల హాల్లో మొదటి పంక్తి నెత్తిన దిగింది.

"ఏమండోయ్, పనసపొట్టు కూర పొగ వాసనేస్తోందేంటండీ?"

"వంటాయన్ని అనకండి, పైకి చూడండి. హోమం కూడా వడ్డిస్తున్నారు!"

మండపం ఆసామి అందరి ముందూ మరదల్ని నిలదీశాడు. "ఏంటమ్మా ఇది? ఏసీ పెట్టమంటే పొగగొట్టం పెట్టావా?"

"తప్పు నాదేనండి. బాగుచేసి ఇస్తాను" అంది. యంత్రం ఆపించి, తనే కిటికీలు తెరుస్తూ తిరిగింది. నేను వెనక వరసలో కూర్చునే ఉన్నాను.

తరవాత నాలుగు రోజులు జపం కుదరలేదు. అయిదో రోజు ఆమె బల్ల దగ్గరకు వెళ్ళాను.

"ఆ జాలీ సంగతి నాకు ముందే తెలుసు. చెప్పలేదు."

"తెలుసండి. మీ కళ్ళు అక్కడే ఆగడం చూశాను."

"మరి గట్టిగా అడగలేదేం?"

"అడిగితే, చూశావా అక్క ఎలా కనిపెట్టిందో అంటారు మీ తమ్ముడు. లేస్తే అక్క, కూర్చుంటే అక్క. నాకూ మంటేనండి."

నన్ను చూసి అసూయపడేవాళ్ళు కూడా ఉంటారని నాకు ఆ రోజు దాకా తెలియదు.

వేదికను వేరే జోన్ చేసింది. జాలీని హాలు చివరకు మార్పించి, పొగ నేరుగా బయటకు పోవడానికి వేదిక పైన ఫ్యాను, గొట్టం పెట్టించింది. "చెప్పనిది కంప్యూటర్‌కి తెలీదండి" అనేది. ఆ తరవాత ఏ భవనం గీసినా, "ఇక్కడ మనుషులు ఏం చేస్తారండి?" అని నన్ను అడిగాకే పంపేది. అసూయ పోయిందని చెప్పను. ఇద్దరం దాన్ని దాచుకోవడం మానేశాం.

ఆమె పేరు తలచుకుంటే నాకు కనిపించేది, ఆ మండపం పని అయ్యాక పరీక్షించి చూసిన రోజు. పెళ్ళి లేదు, జనం లేరు. హోమం చేసి చూడాలి, మీరే కూర్చోవాలండి అంది.

"పెళ్ళి వేదిక మీద నేనా? అపచారం."

"పొగకి అవన్నీ తెలీవండి వదినగారూ. రండి."

సమిధలు పేర్చి నెయ్యి వేశాను. ఆమె కొంగు దోపుకుని నిచ్చెన ఎక్కి, గొట్టం దగ్గర చెయ్యి చాచింది. చెమటకు బొట్టు కరిగి ముక్కు మీదికి జారుతోంది. తుడుచుకోలేదు. "కదలకండి వదినగారూ! నిటారుగా వస్తోంది!" అని పైనుంచి అరిచింది.

నా పెళ్ళి తరవాత నేను వేదిక ఎక్కడం అదే మొదటిసారి. కదలలేదు. పొగ నా ముందునుంచి లేచి, ఆమె వేళ్ళ మధ్యనుంచి పైకి పోతోంది.